వేర్లడిగే అంజయ్య సారు

అంజయ్య సారు ఎవరి గడప తొక్కినా అడిగేది ఒక్కటే: "జరంత వేరు ఇస్తరా?"

వాకిట్లో బంతిచెట్టున్నా, దడి మీద బీరతీగె పాకినా, గోలెంలో తులసమ్మ కొలువున్నా ఆయనకు ఒకటే. జేబులోంచి సైకిల్ చక్రం పుల్ల తీసేవాడు. దాని ఒక కొసను చెంచాలాగా సాగగొట్టించుకున్నాడు. చెట్టు మొదట్లో గొంతుక్కూర్చుని మట్టిని మెల్లగా జరిపి, దారప్పోగంత సన్నని వేరును రెండు వేళ్ళ పొడవున తెంపి, మళ్ళీ మట్టి కప్పి, చెంబెడు నీళ్ళు పోసేవాడు. పోస్తూ పోస్తూ చెట్టుతో "అయిపోయింది, అయిపోయింది" అనేవాడు, సూది వేసిన కాంపౌండరు పసిపిల్లలను ఊరడించినట్టు. తులసమ్మ దగ్గర మాత్రం ముందు చెప్పులు విడిచేవాడు. ఆ మర్యాద చూశాక నాలాంటి భక్తురాళ్ళు కాదనలేకపోయేవాళ్ళం.

ఆయన దగ్గర నేను ఏడేళ్ళు పనిచేశాను. జగిత్యాల ఊరవతల మూడు గదుల లాబు, ఒక జీపు, ఒక పెద్ద ఫ్రీజరు. సారు శాస్త్రవేత్త. దేవదాసన్న డ్రైవరు. పెగడపల్లి దిక్కు పల్లెటూరి బడిలో పదో తరగతి చదివిన శాంత, అంటే నేను, వేర్లు కడిగే మనిషిని. "ఏం నౌకరీ నీది?" అని చుట్టాలు అడిగితే "వేర్లు కడుగుత" అనేదాన్ని. "కడిగి? వండుతరా?" అని అడిగేవాళ్ళు.

ఒకసారి కోరుట్లలో పెళ్ళికి మా ముగ్గురినీ పిలిచారు. అక్షింతలు చేతపట్టుకుని మేమిద్దరం నిలబడితే, సారు పందిరి గుంజలకు కట్టిన అరటిచెట్ల చుట్టూ తిరుగుతున్నాడు. చివరికి పెళ్ళికూతురి తండ్రి దగ్గరికి పోయి ఎంతో బాధపడుతూ అన్నాడు: "మొదలుకు నరికి తెచ్చిండ్రేందండి? వేర్లతోటి తేవద్దా?"

"ఎందుకు సారూ?"

"నాకు జరంత..."

ఆ పెద్దమనిషి అప్పటికే పప్పులో ఉప్పు ఎక్కువైన దిగులులో ఉన్నాడు. "పిల్లనిస్తున్న, దావతిస్తున్న. ఇగ వేర్లు గూడ నేనే ఇయ్యాల్నా?" అని కస్సుమన్నాడు. అన్నాడే గాని, భోజనాలయ్యాక సారును తన పెరట్లోకి తీసుకుపోయి, పట్టుపంచె ఎగ్గట్టి, అరటి పిలక మొదట్లో తానే తవ్వి ఇచ్చాడు. మన దగ్గరి మనుషులు అట్లాంటివాళ్ళు. తిట్టకుండా ఇస్తే వాళ్ళకు ఇచ్చినట్టుండదు.

కొండగట్టు మీద జరిగింది ఇంకా చిత్రం. మల్యాల దిక్కు చేన్లు తిరిగి వస్తూ, మంగళవారం కదా అని అంజన్న దర్శనానికి ఆగాం. మెట్ల దగ్గర ఒక కోతి సారు చేతిలోని కవరు లాక్కుపోయింది. పల్లికాయలనుకుంది పాపం. అంజన్న సన్నిధిలో కోతిని అదిలించడం సారుకు ఇష్టం లేదు. రెండు చేతులూ జోడించి "జరంత వేరు ఇస్తరా?" అన్నాడు. కోతి కవరు చింపి, ఒక వేరు తీసి, వాసన చూసి, సారును పైనుంచి కింది దాకా చూసి, కవరు కింద పడేసింది. దాని చూపులో అంత జాలి నేను మనుషుల్లో కూడా చూడలేదు.

"కోతి గూడ ఒద్దన్నది సారూ," అన్నాడు దేవదాసన్న.

సారుది వెల్గటూరు దగ్గర. గీతపని చేసుకునే ఇల్లు. "మా బాపు తాటిచెట్టు మీదికెక్కి బతికిండు. నేను దాని కిందికి దిగి బతుకుతున్న," అని తనే చెప్పి తనే నవ్వేవాడు.

ఇంతకీ ఆ వేర్లతో ఏం చేసేవాడంటే, వేరు లోపల బూజు లాంటిదొకటి కాపురముంటుంది. సారు శిలీంధ్రం అని రాసేవాడు, నేను వేరుబూజు అనేదాన్ని. పంటను పాడుచేసేది కాదు, బతికించేది. నాకు అర్థమయ్యేటట్టు సారే ఒకరోజు చెప్పాడు: "గల్ఫు పోయిన మనిషనుకో శాంతమ్మా. వేరు పోలేని దూరం దాక ఇది పోగులు పంపి నీళ్ళు, భాస్వరం తెచ్చి ఇంటికి పంపుతది. ఇంటిది దీనికి చక్కెర వండి పెడతది."

"గల్ఫు పోయినోళ్ళకు ఎవలు వండి పెడుతున్నరు సారూ?" అన్నాను.

సారు ఇంకో వేరు తీసి నా చేతిలో పెట్టాడు.

ఈ బూజుల్లో ఏది ఏ జాతో తేల్చడం ఆయన పని. మైక్రోస్కోపులో వాటి విత్తుల్లాంటివి చూస్తే అన్నీ ఆవగింజలే. పాతకాలం వాళ్ళు ఆ ఆవగింజల రంగు, సైజు చూసి పేర్లు పెట్టారట. సారుకు అది గిట్టదు. "చూపుకు ఒక్కతీరుగున్నయని ఒక్కటనొద్దు. వేరుగున్నయని వేరనొద్దు. లోపల ఏం రాసున్నదో చదవాలె," అనేవాడు. అందుకని నేను కడిగిన వేరును నూరి, దాని డీఎన్ఏ తీసి, అందులో బూజుకు చెందిన ఒక ముక్కను మిషనులో లక్షల కాపీలు చేయించి, కత్తిరించే రసాయనం వేసి, జెల్లీ పలక మీద కరెంటుతో నడిపించేవాళ్ళం. పలకను నీలిరంగు దీపం కింద పెడితే నారింజ రంగు గీతలు మెట్లు మెట్లుగా కనపడేవి. గీతలు కలిస్తే ఒకే జాతి. కలవకపోతే వేరు. మా అత్తమ్మ నాతో ఏళ్ళతరబడి నూరించిన పచ్చళ్ళన్నీ ఆ లాబులో అక్కరకొచ్చాయి. నాలా వేరు నూరేవాళ్ళు రాష్ట్రంలో లేరని సారు అనేవాడు. నేను గీతలు చదవడం కూడా నేర్చుకున్నాను.

లోకమంతా ట్యూబుల మీద నంబర్లు వేస్తుంది. సారు మాత్రం వేరు ఇచ్చిన మనిషి పేరు, తారీఖు రాయించేవాడు. "నంబరేస్తే మనిషి యాదికుండడు," అనేవాడు. అందుకే మా ఫ్రీజరు తెరిస్తే ఓటర్ల లిస్టు చదివినట్టుండేది.

ఆ పేర్లతోనే ఒక గడబిడ జరిగింది. ఫ్రీజరు కింది అరలోని ట్యూబులను సారు ఎప్పుడూ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఒకరోజు ఆయన లేనప్పుడు నేను పొరపాటున ఆ అరలోంచి ఒకటి తీసి నడిపించాను. సిరిసిల్లలో మరమగ్గం నడిపే బాలయ్య ఇంటి ముందరి చిక్కుడుతీగె వేరు అది. గీతలు చూస్తే, కోరుట్ల దగ్గర పసుపు పండించే భూమవ్వ చేను గీతలతో అచ్చంగా కలిశాయి. సారు రాగానే సంబరంగా అరిచాను: "సారూ! సిరిసిల్ల బాలయ్య, కోరుట్ల భూమవ్వ ఒక్కతీరే ఉన్నరు!"

సారు మొఖం పాలిపోయింది. "కింది అర ఎందుకు ముట్టినవమ్మా?" అని ఆ గీతల ఫోటో నా చేతిలోంచి తీసుకుని సొరుగులో పెట్టాడు.

నేనన్న మాట గుమ్మంలో ఉన్న దేవదాసన్న చెవిన పడింది. అది కోరుట్ల చేరేసరికి "సారు మిషన్ల చూసిండట, భూమవ్వకూ సిరిసిల్ల బాలయ్యకూ ఒక్కటే రక్తమట" అయింది. మూడో రోజు డెబ్బై ఏళ్ళ భూమవ్వ బస్సెక్కి మా లాబుకు వచ్చేసింది.

"కొడుకా, దాచకుంట చెప్పు. మా నాయినకు సిరిసిల్లల గూడ ఇల్లున్నదా?"

సారుకు చెమటలు పట్టాయి. బూజు గురించి గంటసేపు చెప్పాడు. ముసలవ్వ అంతా విని, "అయితే నా చేన్ల ఉన్నదే ఆయన వాకిట్ల ఉన్నదంటవు. ఏదో ఒకటి కలిసింది గద. మీద నుంచి కలిస్తేంది, కింద నుంచి కలిస్తేంది?" అని, ఆ ఏడు రాఖీ పున్నానికి దేవదాసన్న చేత బాలయ్యకు రాఖీ, రెండు కిలోల పసుపుకొమ్ములు పంపింది. బాలయ్య ఆ రాఖీ దసరా దాకా విప్పలేదు.

అవి మంచిరోజులు కావని వేరే చెప్పనక్కరలేదు. మూడేళ్ళు వానలు మొఖం చాటేశాయి. బోర్లు దుమ్ము పోశాయి. కోరుట్ల దిక్కు మగవాళ్ళు దుబాయికీ మస్కటుకీ పోయారు. సిరిసిల్లలో మగ్గాల చప్పుడు ఆగిన గల్లీలో సగం ఇళ్ళకు తాళాలు. మగ్గాల పనికి భీవండి పోయినవాళ్ళు పోగా, పోలేనివాళ్ళు గోడకు ఆనుకుని కూర్చుని ఉండేవాళ్ళు. మా ఆయన గంగారాం కూడా దుబాయి పోయాడు. పోయిన ఆరునెలలకు ఫోను ఆగిపోయింది. పదకొండు నెలలు మనిషి ఉన్నాడో లేడో తెలియలేదు. అదిగో, ఆ దినాల్లోనే సారు నన్ను పనిలోకి తీసుకున్నాడు. కంపెనీ మూసేసి క్యాంపులో పడేశారట, అంజన్న దయవల్ల తిరిగొచ్చాడు. ఇప్పుడు జగిత్యాలలోనే ఆటో నడుపుతున్నాడు.

ఎన్ని కష్టాలున్నా సారు గురువారం మాత్రం ఆగేది కాదు. ప్రతి గురువారం జీపు సిరిసిల్ల పోయేది, వచ్చేటప్పుడు కోరుట్ల తిరిగి వచ్చేది. పోయిన ఇంటికే మళ్ళీ పోవడం, అడిగిన వేరే మళ్ళీ అడగడం. "చెట్టుకు వేర్లు మిగులనిస్తవా సారూ?" అని జనం నవ్వేవాళ్ళు. నేను కూడా నవ్వేదాన్ని. తెచ్చిన వేర్లన్నీ నేను కడిగి ట్యూబుల్లో పెడితే, సారు కింది అరలోకి తోసేవాడు.

అట్లాంటి సమయంలో పైనుంచి ఉత్తరం వచ్చింది. జిల్లాలో ఏ పంట వేర్లలో ఏ జాతి ఉందో సారు చేసిన సర్వేను పరీక్షించడానికి ప్రేమలత మేడం వస్తున్నారు. ఆమెకు నచ్చితే ఇంకో అయిదేళ్ళు. నచ్చకపోతే లాబుకు తాళం, సారుకు బదిలీ, నాకూ దేవదాసన్నకూ ఇంటిదారి.

మేడం వచ్చారు. సన్నగా, చీర మడత నలగకుండా, ఒక్క మాట ఎక్కువ లేకుండా ఉండే మనిషి. రిపోర్టు చదివారు. పలకల ఫోటోలు అద్దం పెట్టి చూశారు. తల ఊపారు. సారు పనికి వంక పెట్టేవాళ్ళు పుట్టలేదని నేను లోపల ఎగిరి గంతేశాను. అప్పుడు మేడం ఫ్రీజరు తెరిచి, అన్నీ చూసి, వంగి కింది అర లాగారు.

"ఇవేంటి?"

"అవి... ఏం లేదు మేడం," అన్నాడు సారు.

"ఇన్ని వందల ట్యూబులు ఏం లేకపోవడమేంటి? బాలయ్య, ఫిబ్రవరి. బాలయ్య, మార్చి. మళ్ళీ బాలయ్య. రిపోర్టులో బాలయ్య అనే పేరే లేదు."

సారు ఫ్రీజరు తలుపు మూయబోయాడు.

"అంజయ్య గారూ, అనుకున్నదానికి ఎదురుతిరిగిన ఫలితాలను కొంతమంది దాస్తుంటారు. అది పరిశోధన కాదు. అదే నిజమైతే ఈ లాబు మూసేయమని నేనే రాస్తాను. ఇంటికొక ట్యూబు చొప్పున నా ముందరే నడిపించండి."

"వద్దు మేడం. వాటితోటి సర్వేకు సంబంధం లేదు," అని సారు బతిమాలాడు. ఎంత బతిమాలితే ఆమెకు అంత అనుమానం పెరిగింది. నాకేమో లోపల ధైర్యంగా ఉంది. ఆ వేర్లు కడిగింది నేను. గీతలు ముత్యాల్లా వస్తాయి, సారు నిర్దోషి అని అవే చెబుతాయి.

"మీరు ఊకోండ్రి సారూ, నేను నడిపిస్త," అన్నాను.

ఇరవై రెండు ఇళ్ళు, ఇరవై రెండు ట్యూబులు. రెండు రోజుల పని. ఆ రోజుల్లో కరెంటు పూటకు నాలుగుసార్లు పోయేది. నేను అంజన్నకు ముడుపు కట్టాను. దేవదాసన్న జీపులో కూర్చుని ఏసయ్యను వేడుకున్నాడు. ఇద్దరు దేవుళ్ళూ ఒకేసారి విన్నట్టున్నారు, రెండు రోజులూ కరెంటు ఒక్క క్షణం పోలేదు.

రెండో రోజు మధ్యాహ్నం పలకను దీపం కింద పెట్టాను. గీతలు వచ్చాయి. ముత్యాలే. నా చేత్తో అంత అందమైన పలక ఎన్నడూ రాలేదు. ఇరవై రెండూ ఒకే తీరు. పక్కన పోలిక కోసం పెట్టిన భూమవ్వ చేను గీతలతో పోగుకు పోగు కలిశాయి.

మేడం చాలాసేపు చూశారు. "సిరిసిల్ల సిమెంటు గల్లీలో చిక్కుడు. జగిత్యాలలో బీర. కోరుట్లలో సొర. ఊరు వేరు, మన్ను వేరు, పంట వేరు. బూజు మాత్రం ఒక్కటే, అదీ పసుపుచేనుది. దానంతటది జరగదు. ఎవరో మోశారు."

సారు తల వంచుకుని అన్నాడు: "నేనే మేడం."

సారును ఒడ్డున పడేద్దామని నేను నూరిన వేర్లే సారును పట్టించాయి. అప్పుడే పలక కింద పేర్ల వరుస మీద నా చూపు పడింది. నేనే రాసి, నేనే చదవని వరుస. పదిహేడో గీత కింద: శాంత.

"సారూ! ఇది మా ఇంటి బీరతీగెనా?"

"ఆ."

"ఒక్క మొక్క మిగిలింది, పెట్టుకుంటవా అని తెచ్చిచ్చిన్రు. గదేనా?"

"అదే."

"ఇంతమందికీ ఒక్కటే మిగిలిందా సారూ?"

మేడం కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "మొదటినుంచి చెప్పండి," అన్నారు.

సారుకు చెప్పడం రాలేదు. దేవదాసన్నే అందుకున్నాడు. "నాకు తెలిసింది చెప్త మేడం. పొద్దున పేపర్ల జిల్లా పేజీ చదువుతడు. ఫలాన గల్లీల మగ్గం బందయింది, ఫలానోళ్ళ పిలగాడు దుబాయిల జాడ లేడు, గట్ల ఏదన్న ఉంటె చప్పుడు చెయ్యకుంట ఎనుక వరండాలకు పోతడు. ఆడ కవర్లల్ల మొక్కలుంటయి. ఒకటి జీపుల పెట్టుకుంటడు. గురువారం ఆ ఇంటికి పోయి ఇచ్చొస్తడు. ఇగ వారం వారం వేరు కోసం పోతడు. నేను ఇదంత పరిశోధననే అనుకున్న."

వరండాలోని ఆ కవర్లకు నీళ్ళు పోసింది నేనే. మొక్క మాయమైనప్పుడల్లా "పరీక్షకు పోయింది" అనేవాడు సారు. భూమవ్వ చేను నుంచి గోనెసంచిలో మన్ను తెచ్చి ఆ కవర్లు నింపిందీ నేనే. ఆమె చేను బూజు తక్కువ నీళ్ళతో మొక్కను నిలబెడుతుందని సారుకు నమ్మకం.

"మొక్క ఇవ్వడం అర్థమైంది," అన్నారు మేడం. "మరి వారం వారం ఈ వేర్లు పీకడమెందుకు? బాగున్నారా అని చూసి రావచ్చు కదా?"

సారు మొదటిసారి తలెత్తాడు. "ఎట్లున్నరు అని అడిగితె ఏడుస్తరు మేడం. ఏడ్చేటోళ్ళతోటి ఏం మాట్లాడాల్నో నాకు రాదు. వేరు అడిగితె తిడుతరు. తిట్టినంక జర ఊపిరి తీసుకుంటరు. మళ్ల గురువారం వస్త, చెట్టు ఎండిపోకుంట చూడుండ్రి అంటె, నన్ను తిట్టుకుంటనన్న వారం దాక నీళ్ళు పోస్తరు. చెట్టుకు నీళ్ళు పొయ్యాలంటె మనిషి లేవాలె గద మేడం."

గంగారాం జాడ లేని రోజుల్లో, ఇంకా పనిలో చేరకముందు, నేను పొద్దున్నే ఎందుకు లేచేదాన్నో నాకు గుర్తొచ్చింది. దేవుడి దీపం కోసం అని చెబుతుండేదాన్ని. అబద్ధం కాదు. కానీ దీపం పెట్టాక బీరతీగె దగ్గరికి పోయి, "గురువారం ఆ వేర్ల ముసలోడు అస్తడు, నిన్ను ఎండబెట్టిన్నని నన్నంటడు," అని చెంబు వంచేదాన్ని. ఆ ముసలోడి వయసు అప్పుడు నలభై ఎనిమిది. కోపంలో అట్ల అనేదాన్ని, అంజన్న క్షమించాలి.

మేడం కలం తీశారు. "అంజయ్య గారూ, మీ చేత్తో మీరే ఒక బూజును జిల్లా అంతటా పంచారు. సర్వే చేసే మనిషి చేయకూడని పని. ఈ ఇరవై రెండు ఇళ్ళ చుట్టూ అరకిలోమీటరు దాకా మీరు ఇకముందు సర్వే నమూనా తీయడానికి వీల్లేదు."

"సరే మేడం."

"ఇప్పుడు ఇంకో సంగతి. మూడేళ్ళ కరువు. సిమెంటు గల్లీలు, పగిలిన గోలేలు. ఇరవై రెండు మొక్కలు ఇచ్చారు. ఎన్ని చచ్చిపోయాయి?"

సారు లెక్క పెట్టుకోలేదు. "ఒక్కటి గూడ పోలే మేడం. కాత అయిపోయిన తీగెల జాగాల అదే మన్నుల ఇంకోటి పెట్టుకున్నరు."

మేడం కలం ఆగింది. "ఒక్కటి కూడానా?" అని, నా దిక్కు చూసి, చాలాసేపు రాశారు. ఆమె పోయాక చదివాను. సర్వే నిజాయితీగా ఉంది, కొనసాగించాలి. ఆ ఇరవై రెండు మొక్కలను సర్వే కింద కాకుండా, కరువుకు తట్టుకునే బూజు మీద వేరే పరీక్షగా నమోదు చేయాలి. లాబుకు తాళం పడదు. చివర ఒక షరతు: పరీక్ష మొక్కలు గనక ఆరు నెలలకు ఒకసారి తప్ప వాటి వేరు ముట్టరాదు.

నేనూ దేవదాసన్నా మిఠాయి తెచ్చుకున్నాం. సారు మాత్రం ఆ ఆఖరి వాక్యం దగ్గరే ఆగిపోయాడు. బుధవారం సాయంత్రం దాకా ఆగి, ఎవరూ లేనప్పుడు నా దగ్గరికి వచ్చాడు.

"శాంతమ్మా, రేపు గురువారం."

"ఔ సారూ."

"వేరు ముట్టద్దన్నది మేడం."

"వేరే గద ముట్టద్దన్నది. మనుషులను ముట్టద్దన్లేదు. పోయి కూసోండ్రి."

"కూసుని? ఏం అడగాలె?"

నలభై ఊళ్ళ మట్టి తెలిసిన మనిషి, బడికి కొత్తగా వచ్చిన పిల్లవాడిలా నిలబడ్డాడు. "బాగున్నరా అని అడుగుండ్రి సారూ. అంతే."

"ఏడుస్తెనో?"

"ఏడిస్తె ఏడవనియ్యుండ్రి. ఇగ నేనున్న గద, నేను గూడ అస్త."

మర్నాడు జీపులో జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా సారు కిటికీ దిక్కు మొఖం పెట్టి గొణుక్కుంటూనే ఉన్నాడు. "బాగున్నరా. బాగున్నరా బాలయ్యా. బాలయ్యా, బాగున్నవా." వేములవాడ దాటాక దేవదాసన్నకు నవ్వాగక జీపు పక్కకు ఆపాల్సి వచ్చింది.

బాలయ్య మగ్గం ఆ నెలలోనే మళ్ళీ నడవడం మొదలైంది. గల్లీ మొదట్లోకే చప్పుడు వినపడింది. చిక్కుడుతీగె రేకుల కప్పు మీదికి ఎక్కి పక్కింటి దిక్కు చూస్తోంది. మమ్మల్ని చూసి బాలయ్య మగ్గం ఆపి బయటికి వచ్చాడు. సారు రెండడుగులు ముందుకు వేసి, గొంతు సవరించుకుని, నోరు తెరిచాడు.

ఆయన తెరిచేలోపే బాలయ్య అనేశాడు: "బాగున్నవా సారూ?"

దారి పొడుగునా సారు ప్రశ్న ఒక్కటే నేర్చుకున్నాడు. జవాబు నేర్చుకోలేదు. అట్లనే నోరు తెరుచుకుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, వెనక్కి తిరిగి నా దిక్కు చూశాడు. నేను ఔనన్నట్టు తల ఊపాను.

సారు బాలయ్య దిక్కు తిరిగాడు.

"బాగున్ననట," అన్నాడు.